బెల్లం పాకమా, ఖర్జూరమా, నెయ్యా? పిల్లల డబ్బాలోకి ఓవెన్ అక్కరలేని పట్టీలు

పిల్లల లంచ్ బాక్సు కోసం ఇంట్లోనే బార్లు చేద్దామనుకున్నవాళ్లు ముందుగా ఆలోచించేది లోపల ఏం వేయాలన్నది. బాదమా, జీడిపప్పా, ఓట్సా, రాగులా అని. నా లెక్కలో అది రెండో ప్రశ్న. వాటన్నిటినీ కలిపి పట్టి ఉంచేది ఏమిటన్నది మొదటి ప్రశ్న. బాదం లేకపోతే పల్లీలు వేసుకోవచ్చు, నువ్వులు అయిపోతే గుమ్మడి గింజలు వేసుకోవచ్చు, పెద్దగా మునిగేదేమీ లేదు. పట్టు ఇచ్చే పదార్థం మారితే మాత్రం రుచి, గట్టిదనం, నిలవ, ఖర్చు అన్నీ మారతాయి. మధ్యాహ్నం మూత తీసేసరికి డబ్బాలో పట్టీ ఉంటుందో, ముద్ద ఉంటుందో తేల్చేది కూడా అదే.

మన వంటిళ్లలో ఆ పట్టు నాలుగు దారుల్లో వస్తుంది: బెల్లం పాకం, ఖర్జూరం ముద్ద, నెయ్యి, తేనె కలిపిన పీనట్ బటర్. ఓవెన్ లేకుండా చేసే బార్లు అనగానే కనిపించే విదేశీ వంటల్లో ఎక్కువ భాగం నాలుగో రకమే. వాటి చివరి వాక్యం ఎప్పుడూ ఒకటే: ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచి ముక్కలు కోయండి, మిగిలినవి ఫ్రిజ్‌లోనే దాచండి. బాగానే ఉంది, కానీ పిల్లవాడి సంచిలో ఫ్రిజ్ ఉండదు కదా. ఉదయం ఏడింటికి సర్దిన డబ్బా స్కూల్ బస్సులో, ఆ తర్వాత తరగతి గదిలో ఐదారు గంటలు గడిపి అప్పుడు తెరుచుకుంటుంది. అంతసేపు నిలబడలేనిది ఎంత బలవర్ధకమైనదైనా పిల్లల డబ్బాకు పనికిరాదు. అందుకే ఈ పోలికంతా ఆ ఐదారు గంటల చుట్టూనే తిరుగుతుంది.

వాతావరణం సంగతి కూడా బడి క్యాలెండరుతో కలిపి చూడాలి. మన ఎండలకు ఏ బార్ అయినా కరిగిపోతుందని చాలామంది అంటారు. నిజానికి మే నెలంతా బడులకు సెలవులే. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి కాబట్టి పిల్లలు ఎండ ముదిరేలోపే ఇంటికి చేరతారు. అసలు ఇబ్బంది జూన్‌లో బడి తెరిచాక మొదలవుతుంది. అక్కడి నుంచి అక్టోబరు దాకా గాలిలో తేమే తేమ. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో అయితే చెప్పనక్కరలేదు. వేడికి తట్టుకునే పట్టీ వేరు, తేమకు తట్టుకునే పట్టీ వేరు. రెంటికీ ఒకటే పనికొస్తుందనుకుంటే చిక్కే.

బెల్లం పాకం

చవకైనది, ఎక్కువ రోజులు నిలవ ఉండేది, వేడికి కరగనిది ఇదే. చేయి తిరగాల్సిందీ ఇదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2020లో మధ్యాహ్న భోజనంతో పాటు చిక్కీ ఇవ్వడం మొదలుపెట్టారు. 2023లో రాగిజావ కూడా చేరింది. లక్షలాది పిల్లలకు పంచాల్సిన చిరుతిండిగా చిక్కీనే ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఫ్రిజ్ అక్కరలేదు, వండాక వారాల తరబడి ఉంటుంది, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి లెక్కపెట్టి ఇవ్వవచ్చు.

బెల్లం ఎంపిక దగ్గరే సగం ఫలితం తేలిపోతుంది. అనకాపల్లి, చిత్తూరు, కామారెడ్డి ఎక్కడిదైనా సరే, గట్టిగా ఉండి, గోటితో గీస్తే పొడి రాలే బెల్లం పట్టీకి మంచిది. వేలికి జిగటగా అంటుకునే మెత్తటి నల్లబెల్లం పరమాన్నానికి బాగుంటుంది కానీ పట్టీని ఎప్పటికీ గట్టిపడనివ్వదు. అందులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే చక్కెరల వాటా ఎక్కువ. అవి గాలిలోని తేమను లాక్కుంటాయి. అలాగని బంగారంలా మెరిసే పసుపుపచ్చ బెల్లం వెంట పడకండి. ఆ రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం కలపడం మామూలే. లేత గోధుమ రంగులో, కాస్త డల్‌గా కనిపించేదే తెచ్చుకోండి.

కొలతలు నేను చెప్పేవి ఇవి: వేయించి పొట్టు తీసి బద్దలుగా చేసిన పల్లీలు 120 గ్రాములు, వేయించిన నువ్వులు 30 గ్రాములు, జొన్న పేలాలు 30 గ్రాములు, బెల్లం 150 గ్రాములు, ఒక చెంచా నెయ్యి, చిటికెడు ఉప్పు, చిటికెడులో సగం వంట సోడా. పద్నాలుగు చిన్న పట్టీలు వస్తాయి. పల్లీలను వేయించే ముందు పళ్లెంలో పరిచి ఏరాలి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు మచ్చ ఉన్నవి నిర్మొహమాటంగా పారేయాలి. బూజు పట్టిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం ఉండవచ్చు, వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు. పేలాలను కూడా జల్లెడ పట్టాలి. పేలకుండా మిగిలిన జొన్న గింజ ఒక్కటి పంటి కింద పడినా ఆ పిల్లవాడు ఆ పట్టీ జోలికి మళ్లీ రాడు.

పాకం పెట్టేటప్పుడు బెల్లంలో రెండు చెంచాల నీళ్లకు మించి పోయకండి. కరగగానే ఒకసారి వడకడితే ఇసుక, చెరకు పీచు పోతాయి. మళ్లీ మందపాటి మూకుడులో మధ్యస్థమైన మంట మీద పెట్టాలి. మొదట పెద్ద పెద్ద నురుగు బుడగలు పొంగుతాయి. కాసేపటికి బుడగలు చిన్నవై, దగ్గరపడి, రంగు ముదురుతుంది. పక్కన గిన్నెలో చన్నీళ్లు పెట్టుకుని అప్పుడప్పుడు ఒక చుక్క వేసి చూడండి. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ అయితే అది అరిసెల పాకం. ఇంకా ఉంచాలి. ఉండ గట్టిపడి, గిన్నె అంచుకేసి కొడితే టంగుమని మోగి, విరిస్తే పుటుక్కుమనాలి. అదీ పట్టీ పాకం. అక్కడి నుంచి అర నిమిషం ఆలస్యమైనా మాడు వాసన వస్తుంది, చేదెక్కుతుంది. మంట ఆపి నెయ్యి, ఉప్పు, సోడా వేస్తే పాకం బుసబుసా పొంగి లేత రంగుకు తిరుగుతుంది. సోడా వల్ల పాకంలో సన్నటి గాలి బుడగలు చేరి, గట్టిపడ్డాక పంటికి తేలిగ్గా విరుగుతుంది. వెంటనే గోరువెచ్చగా ఉంచిన గింజలు కలిపేయాలి. చల్లటి గింజలు వేస్తే పాకం వాటి చుట్టూ బిగుసుకుపోతుంది, కలపడానికి కూడా రాదు. నెయ్యి రాసిన పళ్లెంలోనో, చపాతీ పీట మీదో పరిచి అప్పడాల కర్రతో ఒత్తి, వేడిగా ఉండగానే చాకుతో గాట్లు పెట్టాలి. చల్లారాక కోస్తే ముక్కలు కావు, పెంకులవుతాయి.

పిల్లలకు గట్టిగా ఉంటుందని పాకం లేతగా దించేయడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ సలహా నేను ఇవ్వను. లేత పాకం పట్టీ మెత్తగా ఏమీ ఉండదు, సాగుతుంది. దవడ పళ్ల సందుల్లో ఇరుక్కుని గంటల తరబడి అక్కడే ఉంటుంది, పిప్పి పళ్లకు అంతకన్నా మంచి అవకాశం దొరకదు. ఆపైన తేమకు మొదట లొంగేది కూడా అదే. మెత్తగా కావాలంటే పాకాన్ని ముట్టుకోకుండా లోపలి గింజను మార్చండి. పల్లీలు తగ్గించి జొన్న పేలాలు, మరమరాలు, వేయించిన పలుచటి అటుకులు, రాజ్‌గిరా (తోటకూర గింజల) పేలాలు పెంచండి. వీటి లోపలంతా గాలే కాబట్టి ముదురు పాకంతో చేసినా కొరకగానే కరకరమని విడిపోతుంది. ముందు పళ్లు ఊడి, కొత్తవి వస్తున్న ఆరేడేళ్ల పిల్లలకు ఇదే సరైనది. తొలి ఏకాదశికి పేలాల పిండి చేసుకునే ఇళ్లలో జొన్న పేలాలు కొత్తేమీ కాదు. ఆ రోజు పిండి పట్టగా మిగిలిన పేలాలు ఇలా వాడుకోవచ్చు.

పాకానికి ఉన్న ఒకే ఒక్క శత్రువు వాన. ముసురు పట్టిన రోజున డబ్బా మూత సరిగ్గా పడకపోతే సాయంత్రానికి పట్టీలన్నీ ఒకదానికొకటి అంటుకుని ఒకే పలక అయిపోతాయి. గాలి చొరబడని డబ్బా, పట్టీకీ పట్టీకీ మధ్య బటర్ పేపరు ముక్క తప్పనిసరి. అంత శ్రద్ధ కుదరదనుకుంటే వానాకాలం పాకం జోలికి పోకుండా ఖర్జూరం వైపు వెళ్లడం మంచిది.

ఖర్జూరం ముద్ద

పొయ్యి దగ్గర కొలతలు, పరీక్షలు ఏమీ లేవు. తప్పు జరిగే అవకాశం బాగా తక్కువ. చేతులు కడుక్కుని పిల్లలు కూడా వచ్చి ఒత్తవచ్చు. తేమ వల్ల పెద్దగా చెడిపోయేది లేదు, ముద్ద స్వభావమే మెత్తన కాబట్టి. గట్టిదనం లేదు కనుక పళ్లు ఊడిన పిల్లలు సులువుగా తింటారు. ఇన్ని సుగుణాలకు తగ్గట్టు ఖరీదు కూడా ఉంటుంది. కాస్త మంచి ఖర్జూరం కొనాలంటే బెల్లం ధరకు ఎన్నో రెట్లు పెట్టాలి. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ప్రతి వారం చేయాలంటే నెల తిరిగేసరికి తెలిసి వస్తుంది.

గింజ తీసిన మెత్తటి ఖర్జూరాలు 200 గ్రాములు, వేయించి పలుకులు చేసిన బాదం, జీడిపప్పు కలిపి 100 గ్రాములు, కరకరలాడేలా వేయించిన అటుకులు లేదా ఓట్సు 50 గ్రాములు, నువ్వులు 20 గ్రాములు. చిటికెడు ఉప్పు మరచిపోవద్దు, అది లేకపోతే తీపి మొహం మొత్తుతుంది. పదిహేను చిన్న బార్లవుతాయి. గింజ తీసినవని ప్యాకెట్ మీద రాసి ఉన్నా ప్రతి ఖర్జూరాన్నీ వేళ్లతో విప్పి చూడండి. అక్కడక్కడా గింజ మిగిలే ఉంటుంది, ఒక్కోసారి పురుగు కూడా కనిపిస్తుంది. ఎండు ఖర్జూరం ఈ పనికి రాదు, మిక్సీ బ్లేడుకే ముప్పు.

నీళ్లలో నానబెట్టి రుబ్బమని చాలామంది చెబుతారు. రుబ్బడం తేలికవుతుంది, నిజమే. కానీ ఆ నీరంతా బార్‌లోనే ఉండిపోయి రెండు మూడు రోజుల్లోనే పులిసిన వాసన వస్తుంది. దానికి బదులు ఖర్జూరాలను సన్నగా తరిగి, ఒక చెంచా నెయ్యితో మూకుడులో సన్నసెగ మీద మూడు నాలుగు నిమిషాలు గరిటెతో మెదిపితే చాలు, ముద్దవుతుంది. మిక్సీయే అక్కర్లేదు. ఆ వేడి మీదే మిగతావి కలిపి, పళ్లెంలో పరిచి, గిన్నె అడుగుతో గట్టిగా నొక్కాలి. నొక్కడంలో బద్ధకిస్తే బార్ విరిగిపోతుంది. మరీ జిగటగా అనిపిస్తే రెండు చెంచాల పుట్నాల పొడి కలపండి. జిగురును పీల్చేసుకుంటుంది, కమ్మదనం కూడా వస్తుంది. బయట వారం, ఫ్రిజ్‌లో రెండు మూడు వారాలు ఉంటాయి.

ఖర్జూరం బార్ గురించి ఒక్క విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని చక్కెర లేని బార్ అనడం. పైన చెప్పిన కొలతలతో లెక్క వేయండి. ఒక్కో బార్‌లో 13 గ్రాముల ఖర్జూరం పడుతుంది. ఖర్జూరంలో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరే. అంటే ఒక బార్‌లో సుమారు 9 గ్రాములు. బెల్లం పట్టీలో పడేది 11 గ్రాములకు కాస్త తక్కువ బెల్లం, అందులోనూ చక్కెర 9 గ్రాముల దాకా ఉంటుంది. రెండూ ఇంచుమించు సమానం! ఖర్జూరంతో పాటు పీచు వస్తుంది, ఒక బార్‌కు ఒక గ్రాము. అది మంచిదే, కానీ ఒకటికి మూడు తినడానికి అనుమతి పత్రం కాదు.

బెల్లంలో ఇనుము ఉంటుంది కదా అనేవారికి కూడా ఇదే సమాధానం. ఉంటుంది. కానీ పట్టీలోని పదకొండు గ్రాముల బెల్లంతో వచ్చేది అర మిల్లీగ్రాము ఉంటే గొప్ప. రక్తహీనత ఉన్న పిల్లలకు చిక్కీ పెట్టి నిశ్చింతగా ఉండిపోవడం కుదరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం తీసుకునే శక్తిలో కలిపిన చక్కెర వాటా పది శాతానికి మించకూడదు, ఐదు శాతం లోపు ఉంటే ఇంకా మేలు. తేనె కూడా ఆ లెక్కలోకే వస్తుంది. రోజుకు 1500 కేలరీలు తినే పిల్లవాడికి ఐదు శాతమంటే సుమారు 19 గ్రాములు. ఒక్క పట్టీతో అందులో సగం అయిపోతుంది. బడుల్లో చక్కెర గురించి బోర్డులు పెట్టమని సీబీఎస్ఈ 2025లో చెప్పింది. శీతల పానీయాల మీద, చాక్లెట్ల మీద అందరి కళ్లూ ఉంటాయి. ఇంట్లో చేసిన బెల్లం పట్టీని ఆ లెక్కలో ఎవరూ వేయరు.

నెయ్యి పట్టు

సున్నుండలు, పుట్నాల ఉండలు, రాగి పిండి ఉండలు ఈ కోవలోవి. పాకం లేదు, వేయించి పొడి చేసి, బెల్లం తురుము కలిపి, కరిగించిన నెయ్యితో ఉండ కట్టడమే. మాంసకృత్తుల విషయంలో మినుములకు, పుట్నాలకు పేరు పెట్టడానికి లేదు. నమలడం సరిగ్గా రాని చిన్న పిల్లలకు ఇంతకన్నా భద్రమైనది లేదు, అంతా పొడే కాబట్టి.

కానీ వీటిని బార్లుగా కోయాలని పట్టుబట్టకండి. నెయ్యి మన ఒంటి వేడికి కాస్త దిగువనే కరిగిపోతుంది. చలికాలంలో చక్కగా నిలబడిన సున్ని పట్టీ ఫిబ్రవరి దాటితే సంచి కుదుపులకు పొడి పొడి అవుతుంది, డబ్బా అడుగున నెయ్యి మరక మిగులుతుంది. ఉండగా కడితే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. తరతరాలుగా వీటిని ఉండలుగానే కట్టడం ఊరికే కాదు. నవంబరు నుంచి జనవరి దాకా డబ్బాలో పెట్టడానికి, మిగతా కాలమంతా బడి నుంచి వచ్చాక సాయంత్రం చేతికివ్వడానికి ఇవి సరిపోతాయి. నువ్వులు, బెల్లం కలిపి దంచే చిమ్మిలికి నెయ్యి కూడా అక్కర్లేదు, నువ్వుల నూనే పట్టు ఇస్తుంది. అది కూడా ఉండగానే బాగుంటుంది.

ఒక జాగ్రత్త: రాగి పిండి, ఓట్సు పొడి, గోధుమ పిండి ఏది వేసినా కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాకే కలపాలి. ఓవెన్ లేకుండా చేసే కొన్ని విదేశీ వంటల్లో పచ్చి పిండినే కలిపేయమంటారు. పచ్చి పిండిలో హాని చేసే సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంది, కడుపునొప్పి తెచ్చుకోవడమే.

తేనె, పీనట్ బటర్

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. చేయడం అన్నిటికన్నా తేలిక, పది నిమిషాల పని. రుచికి వంక లేదు. కానీ తేనె పాకంలా గట్టిపడదు, పీనట్ బటర్ వేడికి జారుతుంది. గట్టిపడటానికని కొబ్బరినూనె కలపమంటారు. అది 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మన ఇళ్లలో డిసెంబరు తెల్లవారుజామున తప్ప అది గడ్డకట్టిన ముఖమే కనిపించదు. పైన చాక్లెట్ పూత వేస్తే డబ్బా తెరిచిన పిల్లల చేతులు, యూనిఫామ్ ఏమవుతాయో వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో ఫ్రిజ్ పక్కన నిలబడి తినడానికైతే చేసుకోండి. బడికి వద్దు. ఏడాది నిండని పసిపిల్లలకు మాత్రం తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే అక్క బార్ ముక్క తమ్ముడి నోట్లోకి చేరకుండా చూసుకోవాలి.

లోపల ఏం వేయాలి

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. ఇక్కడ అంత తలబద్దలు కొట్టుకోనక్కరలేదు. బాదం, పిస్తా వేస్తేనే బలమన్న భావన బలంగా నాటుకుపోయింది కానీ 100 గ్రాముల వేరుశనగలో మాంసకృత్తులు దాదాపు 25 గ్రాములు. బాదం అంతకన్నా గొప్పగా ఏమీ లేదు. బడ్జెట్ తక్కువైతే పల్లీలే వేయండి, పిల్లలకు లోటేమీ రాదు. నువ్వులు, రాగులు కాల్షియానికి ప్రసిద్ధి. నువ్వుల్లో రాగులకన్నా చాలా ఎక్కువ. అయితే పొట్టు తీయని నువ్వుల్లోని కాల్షియంలో చాలా భాగం పైపొరలోని ఆక్సలేట్ అనే పదార్థంతో ముడిపడి ఉంటుంది, అంతా ఒంటికి పట్టదు. పైగా ఒక పట్టీలో పడేవి రెండు గ్రాముల నువ్వులే. పాలు, పెరుగు మానేసి వీటి మీద ఆధారపడే లెక్క కాదు. అవిసె గింజలు వేయాలనుకుంటే వేయించి పొడి చేసి వేయండి, గింజగా మింగితే గింజగానే బయటికి పోతుంది. పొడి చేశాక త్వరగా ముక్కిన వాసన పడుతుంది కాబట్టి ఎప్పటికప్పుడు కొంచెమే పట్టుకోవాలి.

నాలుగైదేళ్లలోపు పిల్లలకు బాదం, జీడిపప్పు, పల్లీ గింజ గింజగా ఉన్న పట్టీ ఇవ్వకండి. గొంతుకు అడ్డం పడే ప్రమాదం నిజంగా ఉంది. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలు తినేటప్పుడు పక్కన పెద్దవాళ్లు కూర్చుని ఉండరు. వాళ్లకు బరకగా పొడి చేసిన పల్లీలతో ఖర్జూరం బార్ గానీ, సున్నుండ గానీ సరి.

డబ్బాలో సర్దడం

ఎంత బాగా చేసినా ఇక్కడ చెడిపోతుంది. పొగలు కక్కే ఉప్మా పక్క అరలో పట్టీ పెడితే ఆ ఆవిరికి పావుగంటలో జిగురైపోతుంది. పెరుగన్నం పక్కన పెట్టినా అంతే. చిన్న స్టీలు డబ్బా వేరుగా పెట్టండి. బటర్ పేపరులో చుట్టి చివర్లు మెలితిప్పితే పిల్లలకు విప్పడం సరదా, చేతికి అంటదు. చేసిన రోజున పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి, గోరువెచ్చగా ఉన్నా లోపల చెమట పడుతుంది. ఖర్జూరం బార్లను ఫ్రిజ్‌లో దాచేవాళ్లు కాగితం విప్పకుండా అలాగే డబ్బాలో పెట్టాలి. చల్లటి బార్‌ను వానాకాలపు గాలికి విప్పి పెడితే పైన నీటి చుక్కలు పేరుకుంటాయి. తిన్నాక నోరు పుక్కిలించమని పిల్లలకు ఒకటికి పదిసార్లు చెప్పండి, పదకొండోసారైనా వింటారు.

కొన్న బార్లు ఎప్పుడూ వద్దని నేను అనను. ప్రయాణాలకు, చేయడానికి వీలుకాని వారాలకు కొనవచ్చు. ప్యాకెట్ ముందువైపు బొమ్మలు చూడకుండా వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవండి. ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్నది నియమం. మొదటి రెండు మూడు పేర్లలో గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, చక్కెర ఉంటే ఆ బాదం బొమ్మకు అర్థం లేదు. వీధి చివర దుకాణంలో అమ్మే సాదా పల్లీపట్టీ, పల్లీలు, బెల్లం తప్ప మరో పేరు లేనిది, అంతకన్నా చాలా నయం. దాన్ని విరిచి వాసన చూడండి. ముక్కిన వాసన లేకపోతే తీసుకోండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో పిల్లలను చదివించే తెలుగువాళ్లకు ఈ ఎంపిక పూర్తిగా వేరు. అక్కడ చాలా బడుల్లో పల్లీలు, బాదం, జీడిపప్పు తీసుకురావద్దంటారు. మీ బిడ్డకు ఏమీ కాకపోయినా పక్క బెంచీ బిడ్డకు ప్రాణాపాయం కావచ్చు కాబట్టి ఆ నియమాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పల్లీల బదులు నువ్వులు వేద్దామంటే అదీ కుదరకపోవచ్చు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా ప్రధాన అలర్జీ కారకాల జాబితాలో తొమ్మిదోదిగా చేరాయి. అక్కడ చాలా చోట్ల చలికి, ఏసీ తరగతి గదులకు కరగడం, తేమ అన్న గొడవ అంతగా ఉండదు కనుక పట్టు దేనితోనైనా తెచ్చుకోవచ్చు. చూసుకోవాల్సింది లోపలి గింజే. ఖర్జూరం ముద్దలో వేయించిన గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు, మరమరాలు, ఎండుద్రాక్ష కలిపితే సరిపోతుంది. పుట్నాల పొడి వేసే ముందు మాత్రం బడిలో అడగండి, శనగలు కూడా పల్లీల జాతివే, కొందరికి పడవు. ప్యాకెట్ మీద పల్లీలు, బాదం లాంటివి వాడే చోట తయారైందన్న హెచ్చరిక ఉంటే ఆ ప్యాకెట్ ఇంటికే ఉంచుకోండి. పల్లీలు పట్టిన మిక్సీ జారును, గరిటెను సబ్బుతో బాగా కడిగాకే ఈ బార్లకు వాడండి. వీలైతే ఈ పనికి ఒక జారు విడిగా పెట్టుకోండి.